నర్సమ్మ చెప్పిన కాంట్రాక్ట్

తెలంగాణ వచ్చిన మరుసటేడు వానాకాలంలో, నారాయణగూడలోని ఒక స్కానింగ్ సెంటర్లో నన్ను ఎమ్మారై గదికి ఆయాగా వేశారు. అంతకు ముందు అక్కడే రక్తపరీక్షల గదిలో ఊడ్చి తుడిచేదాన్ని. కాబట్టి ఇది ప్రమోషనే. చేతిలో చీపురు పోయింది, మెడలో ఫోటో కార్డు వచ్చింది. తర్వాత జరిగిన గోలలో సగం ఆ కార్డు వల్లే జరిగింది.

కార్డు మీద ఉద్యోగం పేరు లేదు, నా పేరే ఉంది: నర్సమ్మ. నరసింహస్వామికి మొక్కుకుని మా నాయిన పెట్టిన పేరు. లోపలికి వచ్చే పేషెంట్లకు మాత్రం అది నర్సు అమ్మ. నిజమైన నర్సును అందరూ సిస్టర్ అని పిలిచేవారు కాబట్టి నర్సు అనే మాట ఖాళీగా పడి ఉండి, వచ్చి నాకు తగులుకుంది. నాది నాలుగో తరగతి ఫెయిలు. ఫెయిలని మర్యాదకు అంటున్నాను, అసలు పరీక్షకే పోలేదు. కానీ ఎవరైనా ఏదైనా అడిగితే తెలియదని చెప్పే అలవాటు మా వంశంలో లేదు. బీపీ గోళీ ఎప్పుడు వేసుకోవాలని అడిగితే "తిన్నంక ఏసుకో" అనేదాన్ని. ఏ గోళీకైనా నా జవాబు అదే.

ఎమ్మారైలో అందరికంటే పైన డాక్టరమ్మ. చీకటి గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మలు చూసి రిపోర్టు ఇచ్చే రేడియాలజిస్టు. ఆమె తర్వాత టెక్నీషియన్ సలీం, మిషన్ నడిపేవాడు. అతని తర్వాత సూది వేసే సిస్టర్. ఆ తర్వాత గోడకున్న గడియారం. దాని కింద స్టూలు మీద నేను.

నా పని ఇనుము పట్టుకోవడం. ఎమ్మారై మిషన్ అంటే పెద్ద అయస్కాంతం. దాని గదిలోకి ఇనుప వస్తువు ఏది పోయినా ఎగిరి మిషన్ నోట్లో పడుతుంది, మధ్యలో మనిషి ఉంటే మనిషికి తగులుతుంది. మన ఆడవాళ్ళ ఒంటి మీద ఇనుము ఎక్కడెక్కడ దాక్కుంటుందో మగ టెక్నీషియన్‌కు తెలియదు. జడపిన్నులు, రవికె హుక్కులు, మెట్టెలు, అన్నిటికంటే ముఖ్యంగా పుస్తెలతాడుకు గుత్తిగా వేలాడే పిన్నీసులు. తాడు తియ్యమంటే కొందరు ఏడ్చేవారు. అందుకని పసుపుకొమ్ము కట్టిన దారాలు ముందే తయారుగా ఉంచుకునేదాన్ని. తాడు తీసే ముందు దారం కట్టించి పంపేదాన్ని. ఒక కొమ్మును మూడు ముక్కలు చేసేదాన్నన్న మాట కూడా నిజమే. స్వామి కార్యానికి కొమ్ము పొడుగు ఎవరు కొలుస్తారు?

అంత తెలిసినదాన్ని కదా, మొదటి రోజు నా మెడలోని పిన్నీసులు మరచిపోయి నేనే గది గుమ్మం దాకా పోయాను. పిన్నులన్నీ లేచి మిషన్ వైపు చూశాయి. సలీం కేక వేయడంతో ఆగాను. ఆ వారంలోనే ఇంకో ఘనకార్యం చేశాను. అందరూ ఇళ్ళకు పోతున్నా మిషన్ టక్కు టక్కుమంటూనే ఉంటే నాకు ప్రాణం ఆగలేదు. "ఏంది సలీం, బంద్ చెయ్యకుండనే పోతున్నవు? కరెంటు మీ తాత ఇస్తుండా?" అని అడిగాను.

"అమ్మా, అయస్కాంతం ఎన్నడు బంద్ కాదు. గిది బంద్ చేస్తే మల్ల చాలు చేసెతందుకు సెంటర్ అమ్ముకోవాలె," అన్నాడు. లైట్లన్నీ ఆర్పితే గాని గడప దాటని నాకు దేవుడు అలాంటి చోట ఉద్యోగం ఇచ్చాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. పుర్రె అడుగున మెదడు కూర్చునే ఎముక ఒకటి ఉంటుంది, పీటలాగా. ఆ పీటకు రంధ్రాలుంటాయి. కంటి నరం, చెవి నరం, ముఖం నరం వాటిలోంచే బయటికి వస్తాయి. అక్కడ గడ్డ పుడితే మామూలు స్కాన్‌లో గడ్డ ఉందని తెలుస్తుంది కానీ, అది ఏ జాతి గడ్డో చాలాసార్లు తేలదు. అప్పుడు చేతి నరంలోకి ఒక మందు ఎక్కించి, తల కదలనివ్వకుండా మళ్ళీ బొమ్మలు తీస్తారు. మందు చేరిన చోటు తెల్లగా వెలుగుతుంది. ఒక జాతి గడ్డ మందును ఒకలా తాగుతుంది, ఇంకో జాతి ఇంకోలా. ఆ తేడా చూసి అది ఏ జాతి గడ్డో డాక్టరమ్మ చెబుతుంది. కిడ్నీ బాగున్నదని రక్తపరీక్ష చూసుకున్నాకే మందు ఇస్తారు. పేషెంటు సంతకమో వేలిముద్రో తీసుకుంటారు.

దీన్ని కాంట్రాస్ట్ అంటారు. నేను కాంట్రాక్ట్ అనేదాన్ని. మొదట్లో సలీం, సిస్టర్ నవ్వారు. తర్వాత వాళ్ళకూ అదే నోటికి అంటింది. "అమ్మా, కాంట్రాక్ట్ పేషెంటొచ్చింది, తయారు చెయ్యి," అని సలీమే కేకేసేవాడు. ఉద్యోగులకూ వ్యాపారులకూ ఆ మాటతో ఏ ఇబ్బందీ రాలేదు. బర్కత్‌పుర నుంచి వచ్చిన ఒక లాయరు గారు కూడా మారుమాట లేకుండా కాంట్రాక్ట్ చేయించుకుని పోయాడు.

ఒక శుక్రవారం పాలమూరు వైపు దంపతులు వచ్చారు. మనిషి పేరు కుర్మయ్య, తాపీ మేస్త్రీ. అతని భార్య జంగమ్మ, అతని దగ్గరే తట్ట మోసే కూలి. అశోక్‌నగర్‌లో కోచింగ్ పిల్లల కోసం కడుతున్న హాస్టల్ సెల్లారులోనే కాపురం. జంగమ్మకు ఎడమ చెవి వినిపించడం మానేసింది. ముఖం ఎడమ సగం మీద చీమలు పాకుతున్నట్టుండేదట. తట్ట నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతుంటే ఒళ్ళు ఒక పక్కకు లాగుతోందని పెద్దాసుపత్రికి పోయారు. మామూలు స్కాన్‌లో చెవి నరం దగ్గర, పుర్రె అడుగున, గడ్డ కనిపించింది. అది నరం మీద పుట్టిందా, మెదడు పొర మీద పుట్టిందా తేలాలి, ఆపరేషన్ ఎటునుంచి ఎలా చెయ్యాలన్నది దాన్నిబట్టి ఉంటుంది, కాంట్రాస్ట్ తీయించుకుని సోమవారం ఫిల్ములు తెస్తే బెడ్డు, లేకపోతే ఆ బెడ్డు ఇంకొకరికి, అని పెద్ద డాక్టరు చెప్పి పంపాడు.

జంగమ్మను బట్టలు మార్చుకునే గదిలోకి తీసుకుపోయాను. పిన్నులు తీసింది, మెట్టెలు తీసింది, పసుపు దారం కట్టుకుంది, గౌను తొడుక్కుంది. మారుమాట లేదు. ఇలాంటి పేషెంట్లయితే నా పని ఎంత తేలికవుతుందో అనుకున్నాను. ఎడమ చెవి వినపడదని తెలుసు కాబట్టి, కుడి చెవి దగ్గర నోరు పెట్టి, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. ఇది ముఖ్యం. ఆమె ఏదీ తప్పుగా వినలేదు. నేను చెప్పింది చెప్పినట్టే విన్నది.

"బిడ్డా, నీకు కాంట్రాక్ట్ ఉన్నది."

"మాకు కాంట్రాక్ట్ వద్దు నర్సమ్మా. మేం రోజు కూలోళ్ళం."

"రోజు కూలైనా నెల జీతమైనా, నీ గడ్డకు కాంట్రాక్ట్ లేకుంటె నడువది. పెద్ద డాక్టరే రాసిండు."

"మరి అడ్వాన్సు?"

"నీ పెనిమిటి కౌంటర్ల కట్టిండు గద."

"మేమే కట్టాల్నా?"

"మరి నేను కడతనా?"

"ఎన్ని దినాలుంటది?"

మందు ఒంట్లో ఎన్నాళ్ళుంటుందని అడుగుతోందనుకున్నాను. "దినమో రెండు దినాలో. మంచిగ నీళ్ళు తాగితె జల్ది పోతది," అన్నాను.

"నడుమల నేను పోతనంటె?"

"నడుమల పోవుడు లేదు. ఒక్కసారి లోపలికి పోయినవంటె మేం చెప్పేదాంక కాలు చెయ్యి కదిలియ్యొద్దు. నోరు సుత తెరువొద్దు. ఇగ ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యి."

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత మెడలోని కార్డు వైపు చూసింది. బాత్రూముకు పోయొస్తానంది. నేను వేలిముద్ర సిరా డబ్బా మూత తీసి పెట్టుకుని, ఇంత కష్టమైన సంగతిని ఇంత సులువుగా చెప్పగలిగినందుకు నన్ను నేనే మెచ్చుకుంటూ కూర్చున్నాను.

ఆమె ఇక రాలేదు. బయట బెంచీ మీద కుర్మయ్యా లేడు, బట్టల మూటా లేదు. మిషన్ ఖాళీగా టక్కు టక్కుమంటోంది. సలీం ఫోన్ చేస్తే కుర్మయ్య ఎత్తడం లేదు. డాక్టరమ్మ చీకటి గదిలోంచి లేచి వచ్చింది. ఆమె కేకలు వేసే మనిషి కాదు. "సోమవారం బెడ్డు పోతే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో. ఆ గడ్డ ఇంకొంచెం పెరిగితే ముఖం నరం కూడా పోతుంది. అసలు ఎందుకు భయపడింది నర్సమ్మా? నువ్వేం చెప్పావు?" అని అడిగింది.

"అన్ని మంచిగనే చెప్పిన మేడం," అన్నాను. అప్పుడు అది నిజమే అనుకున్నాను.

నాకు మాత్రం ఇంకో గుబులు పట్టుకుంది. ఆమె సెంటర్ గౌనుతోనే వెళ్ళిపోయింది. ఒక్కో గౌను లెక్క నాదే. "గౌను తెచ్చెతందుకు పోతున్న," అని చెప్పి డ్యూటీ అయ్యాక బయల్దేరాను. గౌను కోసం కాదులే అమ్మా అన్నట్టు సలీం నవ్వాడు కానీ, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, ముందు గౌను కోసమే. మా ఇల్లు చిక్కడపల్లిలోనే. అశోక్‌నగర్ అంటే ఇల్లు దాటి కొంచెం ముందుకు, ఆటో ఎందుకు? కూరగాయల మార్కెట్ మీదుగా నడిచిపోయాను. దారిలో రేటు తగ్గిందని ఇన్ని దోసకాయలు కూడా కొన్నాను. సగం కట్టిన హాస్టల్ ఎక్కడని అడిగితే, ఆ పేటలో సగం కట్టిన హాస్టళ్ళు చాలానే ఉన్నాయి. మూడు చోట్ల తిరిగితే గాని దొరకలేదు.

సెల్లారులో ఇటుకల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. సెంట్రింగ్ రాడ్డు మీద మా గౌను ఉతికి ఆరేసి ఉంది. నన్ను చూసి కుర్మయ్య లేచి నిలబడ్డాడు. జంగమ్మ లేవలేదు.

"నేను రాను," అంది. "వేలిముద్ర వెయ్యలే నేను. గౌను పచ్చిగున్నది, ఆరినంక మా ఆయన తెచ్చిస్తడు."

కుర్మయ్య నా కోసం సిమెంటు బస్తా ఒకటి దులిపాడు. కూర్చున్నాక మెల్లగా సంగతి బయటపడింది. వాళ్ళ వైపు కాంట్రాక్ట్ అంటే ఒక్కటే అర్థం. గుంపు మేస్త్రీ ఇంటికి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి, వేలిముద్ర తీసుకుని, లారీ ఎక్కించి పరాయి దేశంలో కాలువ పనికి తీసుకుపోతాడు. పని అయ్యేదాకా నడుమ వెనక్కి వచ్చేది లేదు. జంగమ్మ పెళ్ళయిన కొత్తలో అలాగే పోయింది. ఆమె తల్లి చనిపోయిందని కబురు వస్తే మేస్త్రీ పంపలేదు.

"గాడ అడ్వాన్సు వాళ్ళిస్తుండె," అన్నాడు కుర్మయ్య. "మీ తాన మేమే కట్టినం. గదే మాకు సమజ్ గాలే నర్సమ్మ గారు."

నేను చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటే మళ్ళీ నాకు వినిపించాయి. నడుమల పోవుడు లేదు. నోరు తెరువొద్దు. వేలిముద్ర వెయ్యి. ఏ గుంపు మేస్త్రీ కూడా అంత శుభ్రంగా చెప్పి ఉండడు.

"అది కాంట్రాక్ట్ కాదు బిడ్డా," అన్నాను.

"మరేంది?"

"కాంట్రాక్ట్..." అన్నాను. మళ్ళీ అన్నాను. నోటికి ఎంత చెప్పినా అదే వస్తోంది. జంగమ్మ నా వైపు అనుమానంగా చూస్తోంది. చివరికి సలీంకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"సలీం, గా సూది మందును ఏమంటరు? జర నిదానంగ చెప్పు."

"ఇన్నొద్దులకు అడుగుతున్నవా అమ్మా? కాంట్రాస్ట్. చివరికి స్టు. రక్తం టెస్టుల స్టు లేదా, గది."

టెస్టు నోటికి బాగానే వస్తుంది, కాంట్రాస్టే రాదు. కుర్మయ్య ముందు నేర్చుకున్నాడు. తర్వాత జంగమ్మ. ఆ సెల్లారులో నేనే ఆఖరు. అన్నం అడుగంటిన వాసన వస్తే గాని మా చదువు ఆగలేదు.

మాట వచ్చినా, ఆ మందు ఎందుకో చెప్పాలి కదా. మామూలు స్కాన్‌లో గడ్డ కనబడినా దాని గుణం కనబడదు, మందు పోస్తే కనబడుతుంది అన్నాను. కుర్మయ్య తల గోక్కుని, "స్లాబు పగులు పట్టినట్టా?" అన్నాడు. ఎండిన స్లాబు మీద సన్న పగులు కంటికి ఆనదట. నీళ్ళు పోసి, ఆరుతుండగా చూస్తే, పగుళ్ళున్న చోట తడి నిలిచి గీతలు తేలుతాయట. "గంతే, గంతే," అన్నాను. ఆ మాట ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ప్రతి పేషెంటుకూ నా సొంత మాటలాగా చెప్పాను.

"మరి నర్సువై ఉండి గట్లెట్ల చెప్తివి?" అని జంగమ్మ నిలదీసింది.

"నేను నర్సును కాదు. నా పేరు నర్సమ్మ. ఆయా పని నాది."

జంగమ్మ నవ్వడం మొదలుపెట్టింది. ముఖం కుడి సగమే నవ్వుతోంది, ఎడమ సగం కొంచెం వెనకబడింది. గౌను సంగతి నాకు ఆ క్షణం నుంచి గుర్తులేదు.

"రేపొస్త," అంది. "గని నువ్వు చెప్పొద్దు. డాక్టరమ్మ చెప్పాలె."

మర్నాడు డాక్టరమ్మ చీకటి గది వదిలి వచ్చి, జంగమ్మ పక్కన బెంచీ మీద కూర్చుని, కాంట్రాస్ట్ అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పింది. నేను దూరంగా స్టూలు మీద, నోరు మూసుకుని. జంగమ్మ వేలిముద్ర వేసింది. సిస్టర్ చేతికి సూది పెట్టింది. చెవుల్లో దూది, తల చుట్టూ బోను, చేతిలో నొక్కితే మోగే రబ్బరు బంతి. ముందు ఉత్త బొమ్మలు, తర్వాత మందు, మళ్ళీ అవే బొమ్మలు. మనిషి చీమంత కదలలేదు.

నేను సలీం వెనక నిలబడి కంప్యూటర్ చూస్తున్నాను. మొదటి బొమ్మల్లో మెదడూ గడ్డా దాదాపు ఒకే బూడిదరంగు. మందు పోయాక గడ్డ మొత్తం పున్నమి చంద్రుడిలా వెలిగింది. ఇంత తాగిందంటే ఎంత చెడ్డదో, అయిపోయింది పాపం, అనుకుని కొంగుతో కళ్ళొత్తుకున్నాను.

డాక్టరమ్మ మాత్రం సలీంకు తాపీగా చూపిస్తోంది. నరం గడ్డ అయితే చెవి గొట్టంలోకి మొనలాగా దూరి ఉండేది, పెద్దదైతే లోపల తాగని నల్ల మచ్చలు కూడా ఉండొచ్చు. ఇంకో జాతి ఉంది, అది మందును అసలు తాగదు. ఇది అంతటా ఒకేలా తాగింది, పొర వెంబడి సన్నగా తోక సాగింది. కాబట్టి పొర మీద పుట్టిన గడ్డ, మెనింజియోమా అయ్యుంటుంది, చాలావరకు నెమ్మదైన జాతి, ముక్క తీసి పరీక్ష చేశాక ఖాయం చేస్తారు, అంది. ఎక్కువ తాగినంత మాత్రాన చెడ్డదని కాదట. అది విని కళ్ళు తుడుచుకోవడం ఆపాను. మా ఆయన విషయంలో ఈ సూత్రం పని చేయలేదు కానీ గడ్డల్లో చేస్తుందట.

బయటికి వచ్చి చీర కట్టుకుంటూ, "ఏమొచ్చింది నర్సమ్మా?" అని జంగమ్మ అడిగింది. నాకు తెలుసు. తోకతో సహా తెలుసు. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ రిపోర్టు చెప్పడం డాక్టర్ల పని. "నాకు తెల్వదు బిడ్డా. డాక్టరు చెప్తరు," అన్నాను. ఆ ఉద్యోగంలో ఆ మాట అనడం నాకదే మొదలు. తెలియనప్పుడు ఒక్కసారీ అనలేదు, తెలిసినప్పుడు అన్నాను.

సోమవారం బెడ్డు దొరికింది. ఆపరేషన్ అయింది. ముక్క పరీక్షలోనూ అదే తేలింది. ఎడమ చెవి తిరిగి రాలేదు. ముఖం నిలబడింది, నడక నిలబడింది. తట్ట మొయ్యొద్దన్నారని ఇప్పుడు నల్లకుంటలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ పని దంపతులిద్దరూ చేస్తున్నారు. నేను రిటైరయ్యేదాకా ఆమె ఏటా చెకప్ స్కాన్‌కు వచ్చేది. కౌంటర్ దగ్గర నిలబడి, "నాది కాంట్రాస్ట్, స్టు," అని నాకు వినపడేలా చెప్పేది.

గౌను ఆ శనివారమే తిరిగి వచ్చింది. కొత్త నాడా కొనడం ఇష్టం లేక నేను ముడులు వేసి నెట్టుకొస్తున్న నాడాను తీసి, దాని చోట చీర అంచు కుట్టి తెచ్చింది జంగమ్మ.

తర్వాత నేను ఆఫీసులో అడిగి, కార్డు మీద పేరు కింద ఉద్యోగం కూడా రాయించుకున్నాను: నర్సమ్మ, ఆయా. కార్డు కొత్తగా వేసుకున్న రోజే ఒక ముసలాయన దాన్ని కూడబలుక్కుని చదివి, "పాపం, రెండు పనులు నువ్వే చేస్తవా?" అన్నాడు.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇంతే. రోగి నీ చదువు చూసి నమ్మడు. లోపల ఎవరు నిలబడి ఉంటే వాళ్ళను నమ్ముతాడు. అందుకని లోపల నిలబడ్డవాళ్ళు తమకు తెలియని మాట పలకకూడదు. గోళీ ఎప్పుడు వేసుకోవాలని ఇప్పటికీ మా గల్లీలో నన్ను అడుగుతారు. డాక్టరును అడగమని చెబుతాను. చెప్పాక, తిన్నాక వేసుకోమని చెప్పాలని ఇప్పటికీ నోరు లాగుతుంది.